చైనా కార్లని బేసుల దగ్గర ఆపడం నాటకమా? మా బాబాయి ఫార్వర్డ్‌కి జవాబు

మా ఒంగోలు ఫ్యామిలీ గ్రూపులో వారం నుంచి ఒకటే మెసేజ్. కెమెరాలూ నెట్టూ ఉన్న చైనా కార్లని, గూఢచర్యం భయంతో, ఆర్మీ బేసుల దగ్గరికి రానీకపోవడం ఉత్త అమెరికా నాటకమంట, జేబులో ఫోన్ లేదా అంట, బేస్ గూగుల్ మ్యాప్‌లోనే కనపడతదంట, భయమైతే కార్లో నెట్ ఆపుకోవచ్చంట, అసలు రుజువేదీ అంట. పెట్టింది మా బాబాయే, అయినా చెప్పాలి కదా.

అమెరికా నాటకం ఎట్టా అవుద్ది? 2021లోనే చైనా వాళ్లు తమ మిలిటరీ కాంప్లెక్సుల్లోకి టెస్లా కార్లు రాకుండా ఆపారు, కెమెరాలున్నాయని. చైనా కార్ల మీద అమెరికా రూల్ 2025 జనవరిలో వచ్చింది, అదీ బేసుల గురించి కాదు, అమ్మకాల గురించి.

ఫోనంటారా, గేటు దగ్గర ఇచ్చేసి పోతాం. కారుని లాకర్లో పెడతామా?

ఇంక గూగుల్ మ్యాప్. కొరిశపాడు దగ్గర హైవే మీద 2022 డిసెంబర్ 29న ఎయిర్‌ఫోర్స్ విమానాలతో ట్రయల్ చేస్తే వీడియోలు మనందరి ఫోన్లలో తిరిగాయి, దాంట్లో రహస్యమేం లేదు. బిల్డింగ్ యాడుందో కాదబ్బా కావాల్సింది, ఎవరు రోజూ ఎన్నింటికి లోపలికి పోతన్నారు, ఏ ఇంటికి తిరిగిపోతన్నారు, అదీ. 2024 డిసెంబర్‌లో ఫోక్స్‌వాగన్ గ్రూపు దాదాపు 8 లక్షల ఎలక్ట్రిక్ కార్ల డేటా సరిగ్గా తాళం వెయ్యకుండా వదిలేసిందని బయటపడింది, చాలా కార్లు యాడ ఆగాయో కూడా అందులో ఉంది. అది జర్మన్ కంపెనీ, చైనాది కాదు! చైనా కారు కొన్నోణ్ణి దేశద్రోహి అనే మెసేజ్ ఇంకోటి తిరుగుతోంది, అది పెట్టేవాళ్లు కూడా ఇది చదవండి.

రుజువు మాట మాత్రం సగం నిజం, ఒప్పుకుంటా. కారు డేటా చైనా ప్రభుత్వానికి చేరిందని బయటికొచ్చిన రుజువు నేను చూళ్లేదు. కానీ 2025లో నార్వేలో ఓస్లో బస్సుల సంస్థ రూటర్, చైనా యూటాంగ్ బస్సుని కొండలోపల సిగ్నల్ అందని చోట పెట్టి పరీక్షించింది. కెమెరాలకి నెట్ లేదని తేలింది, అది మంచి మాటే, కానీ అప్‌డేట్ల కోసం బ్యాటరీ కంట్రోల్ దాకా కంపెనీకి దూరం నుంచే దారి ఉంది, అనుకుంటే బస్సు ఆపెయ్యొచ్చు. ఆపారని కాదు, ఆపగలరని. బేస్ గేటు కాడ కాపలా వాడికి ఆ "గలరు" చాలు.

నెట్ ఆపడం కూడా ఆ బస్సు దగ్గరే తేలింది. దారంతా లోపలున్న సిమ్‌లో ఉంది, అది పీకితే కట్ అవుద్ది, కానీ అప్‌డేట్లూ పోతాయి. బాబాయ్, నీ కార్లో సిమ్ యాడుందో ముందు వెతుకు, ఆదివారం వచ్చినప్పుడు చూపిద్దువు.