సూటి స్వరాన్ని నిషేధించాలి

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో వేణువు నేర్చుకుంటున్న మా అందరి తరఫున ప్రభుత్వానికి ఒకటే డిమాండ్. వణుకు లేకుండా ఒక స్వరాన్ని సూటిగా నిలబెట్టి ఊదడాన్ని వెంటనే నిషేధించాలి.

నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నా. కొత్తగా చేరినవాడు సినిమా పాటల్లో వినిపించే ఆ తియ్యటి వణుకు కోసం, అదే వైబ్రాటో కోసం వస్తాడు. మాస్టారేమో తంబూరా యాప్ ఆన్ చేసి, షడ్జం, అదే 'స', పట్టుకో, ఊపిరి అయిపోయేదాకా పట్టుకో, కదలనివ్వకు అంటారు. నెలల తరబడి అదే పని. గట్టిగా ఊదితే స్వరం పైకి ఎక్కుతుంది, ఊపిరి తగ్గేసరికి కిందికి జారుతుంది, ఆ మధ్యలో ఎక్కడో కాసేపు శ్రుతిలో ఉంటుంది గానీ మనం సంతోషపడేలోపే అదీ పోతుంది. ఎందుకండీ ఈ హింస? మొదటి రోజే వణికించడం నేర్పేస్తే సరిపోదా? స్వరం సెకనుకు ఆరుసార్లు కిందికీ మీదికీ ఊగిందంటే పన్నెండుసార్లు శ్రుతి మీదుగా పోయినట్టే లెక్క. సూటిగా ఊదేవాడికి ఇన్ని అవకాశాలు ఎక్కడివి?

శాస్త్రం ఒప్పుకోదు అంటారా? 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో 15 గమకాలు, అంటే స్వరాన్ని ఊపి అలంకరించే పద్ధతులు, చెప్పాడు, అందులో కంపితం, అంటే వణుకు, ఒకటి. అదే శతాబ్దంలో మన కాకతీయుల గజసేనాని జాయప నృత్తరత్నావళి రాశాడు. ఏనుగుల దళాన్ని నడిపినాయన నాట్యం మీద గ్రంథం రాసిన గడ్డ ఇది, ఇక్కడ సరిగా ఊదడం రానివాడు వైబ్రాటో మీద వ్యాసం రాస్తే వచ్చిన నష్టమేమీ లేదు.

ఇక అసలు పని. ఈ వైబ్రాటోలో వేళ్లకు పని లేదు, అంతా ఊపిరే. గాలి ఒత్తిడి పెరిగినప్పుడు శబ్దం పెరిగి స్వరం కొంచెం పైకెక్కుతుంది, తగ్గినప్పుడు రెండూ తగ్గుతాయి. పాశ్చాత్య ఫ్లూటు వాళ్లు దీనికి లెక్కలు కూడా కట్టారు. టిక్కు టిక్కుమని లయ కొట్టే మెట్రోనోమ్‌ను 60 మీద, అంటే సెకనుకో దెబ్బ పడేలా పెట్టి, ఒక్కో దెబ్బకు రెండుసార్లు 'హ హ' అని గాలి తోస్తూ ఊదాలి, అది కుదిరాక మూడు, తర్వాత నాలుగు. ఐదారుకు వచ్చేసరికి 'హ'లన్నీ కరిగి ఒకే అలలాగా వినిపించాలి. వినిపించాలి అన్నాను, వినిపిస్తుంది అనలేదు. చాలాకాలం పాటు వినిపించేది మాత్రం, పొద్దున్నే నల్లా తిప్పితే నీళ్లకు ముందు గాలి తన్నుకొచ్చే చప్పుడే.

ఈ ఊపు పొట్టలోంచి రావాలని ఒక వర్గం, గొంతులోంచి రావాలని ఇంకో వర్గం ఏళ్ల తరబడి కొట్టుకున్నాయి. తీరా గొంతులోకి సన్నటి కెమెరా దించి చూస్తే, పొట్టతోనే చేస్తున్నామని ప్రమాణం చేసినవాళ్ల గొంతులు కూడా కదులుతున్నాయట! మాటొకటి, గొంతొకటి అన్నమాట. మనకు కొత్తేమీ కాదు. కాజీపేటకు కోచ్ ఫ్యాక్టరీ వస్తుంది, రాదు, వస్తుంది అని దశాబ్దాల పాటు ఊగిన ఊగు చూసినవాళ్లం మనం. 2023 జులైలో ప్రధాని వ్యాగన్ల తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేసేదాకా ఆ వైబ్రాటో ఆగలేదు. అంత నిదానంగా వాయించాలంటే ఏ మెట్రోనోమ్‌కూ ఓపిక చాలదు.

నేర్చుకునే మాకు ఉన్న అసలు టెన్షన్ వేరే. గొంతు బిగబట్టి తొందరపడితే అల రాదు, మేక అరుపు వస్తుంది. ఇది నా మాట కాదు, విదేశాల్లో ఫ్లూటు నేర్పే మాస్టార్లు కూడా శిష్యుల్ని ఈ మేక పేరు పెట్టే తిడతారు. వాళ్లకేం, వాళ్ల ఊళ్లో మేడారం జాతర లేదు. నక్కలగుట్టలో ఒకాయన, మూడో అంతస్తు, సరిగ్గా జాతర ముందు పొద్దున్నే బాల్కనీలో కూర్చుని ఈ 'హ హ హ' సాధన మొదలుపెట్టాడు. రెండో రోజుకల్లా కింది పోర్షన్ పెద్దమనిషి మెట్లెక్కి వచ్చి, చెప్పులు విప్పి, ఎంతో మర్యాదగా, "సారూ, మేకను పైకే తెచ్చి కట్టేసిండ్రా? వాచ్‌మన్ గది పక్కన జాగా ఉన్నది గదా" అన్నాడు. మేక లేదండీ, వేణువండీ అని ఈయన వెదురుగొట్టం చూపించాడు. పెద్దమనిషి గొట్టాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, గదిలోకి కూడా ఓసారి తొంగిచూసి, నమ్మనట్టే మొహం పెట్టి, "సరే సారూ, మొక్కు తీరినంక మా ఇంటికి కూడా ఇంత కూర పంపుండ్రి" అని దిగిపోయాడు.

పాపం ఈయన పంపించాడు. హనుమకొండ చౌరస్తాలో కిలో మటన్ కొని, వండించి.