మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు

"ఆర్వో మిషన్లు తీసి పారేయండి. నీళ్లు పది నిమిషాలు మరిగిస్తే ఫ్లోరైడ్ ఆవిరైపోతుంది. బోరు ఎంత లోతుకు వేస్తే నీళ్లు అంత స్వచ్ఛం. టీడీఎస్ మీటర్‌ 500 లోపు చూపిస్తే కళ్లు మూసుకుని తాగొచ్చు. ఐదు తులసి ఆకులు వేసి రాత్రంతా రాగి బిందెలో ఉంచితే ఏ ఫిల్టరూ అక్కర్లేదు." ఈ మెసేజ్ మా బంధువుల గ్రూపులోకి మళ్లీ వచ్చింది. పంపినవాళ్లంతా బాగా చదువుకున్నవాళ్లే. నా చిరాకంతా అక్కడే.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మరిగించే ముచ్చట. మరిగిస్తే చచ్చేది క్రిములు. ఫ్లోరైడ్ క్రిమి కాదు, నీళ్లలో కరిగి ఉన్న లవణం. ఆవిరయ్యేది నీళ్లే, అది గిన్నెలోనే మిగిలిపోతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు 2 లీటర్లు పొయ్యి మీద పెట్టండి. లీటరున్నరకు ఇగిరాక దించి కొలిస్తే లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉంటుంది. మన దేశ ప్రమాణం ప్రకారం 1 దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. అంటే పిల్లల ఆరోగ్యం కోసమని గ్యాస్ తగలేసి మరీ వాళ్ల గ్లాసులో ఫ్లోరైడ్ పెంచుతున్నారు. ముందు పళ్ల మీద గోధుమ రంగు గారలు, ఆ తర్వాత బిగుసుకుపోయే కీళ్లు, దొడ్డికాళ్లు, వంగిపోయిన నడుము. ఒకసారి ఎముక వంకరపోయాక మందులతో సరికాదు.

అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును డాక్టర్లు గుర్తించి రాసింది 1937లో. మరిగిస్తే పోయేదే అయితే నాగపూర్‌లోని ప్రభుత్వ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే 'నల్గొండ టెక్నిక్'ను ఎందుకు కనిపెట్టింది? అన్ని కోట్లు పోసి కృష్ణా నీళ్లను నల్గొండ పల్లెలకు పైపుల్లో ఎందుకు తెచ్చారు? పొయ్యి ప్రతి ఇంట్లోనూ ఉందిగా!

ఇక బోరు లోతు. మన దగ్గర ఫ్లోరైడ్ వచ్చేది గ్రానైట్ రాయి నుంచే. నీళ్లు ఆ పగుళ్లలో ఎంత ఎక్కువ కాలం ఉంటే అంత ఫ్లోరైడ్ కరిగించుకుంటాయి. లోతులో ఉన్నవి సాధారణంగా అలా ఎక్కువ కాలం నిలిచిన నీళ్లే. పాత బావి నీళ్లు తాగినన్నాళ్లు లేని బాధ లోతు బోరు వేశాక మొదలైన ఊళ్లున్నాయి. ఈ మాట నమ్మి రైతు అప్పు చేసి ఇంకో రెండొందల అడుగులు దింపితే ఆ డబ్బు ఈ మెసేజ్ పంపినవాళ్లు కడతారా?

టీడీఎస్ మీటర్ చూసేది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందన్నది మాత్రమే. దాన్ని బట్టి నీళ్లలో కరిగిన మొత్తం లవణాలను, అంటే టీడీఎస్‌ను, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని అంచనా కడుతుంది. 380 చూపిస్తే అందులో ఫ్లోరైడ్ అర మిల్లీగ్రామో, మూడో దానికి తెలియదు. క్రిములు అసలే కనబడవు. ఫ్లోరైడ్‌కు వేరే కిట్ ఉంది. నీళ్లలో కొంచెం మందు వేస్తే గులాబీ రంగు వస్తుంది, ఫ్లోరైడ్ ఎక్కువుంటే అది పసుపు వైపు తిరుగుతుంది.

ఐదు తులసి ఆకులు వేస్తే నీళ్లకు తులసి వాసన వస్తుంది. అంతే.

రాగి బిందె విషయంలో మాత్రం మెసేజ్‌లో నిజముంది. పదహారు గంటలు రాగి పాత్రలో ఉంచితే కలరా, విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా చస్తుందని బెంగళూరు పరిశోధకులు 2012లో ప్రచురించారు. మా అమ్మమ్మ చేసిన పని ల్యాబులో నిలబడింది, సంతోషమే. కానీ రాగి కూడా ఫ్లోరైడ్‌ను ఏమీ చేయలేదు.

ఫ్లోరైడ్‌ను వడకట్టే ఆర్వో గురించి ఇంకోటీ ఒప్పుకోవాలి. మంచి నది నీళ్లు కుళాయిలో వచ్చే ఇంటికి ఆ మిషన్ దండగ. గ్లాసు నీళ్లిచ్చి అంతకు రెండింతలు, మూడింతలు మోరీలో పోస్తుంది. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్వోలను నిషేధించమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా చెప్పింది. సిటీలో ఉండే మా వాళ్లు పీకేసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. ఫ్లోరైడ్ బోరు తప్ప వేరే దిక్కులేని ఇంటికి కూడా అదే మెసేజ్ పంపి, ఉన్న ఒక్క అడ్డునూ తీసేయమంటున్నారే, అది మాత్రం ఊరుకునే విషయం కాదు.