ఆహారోత్సవ కూపను గారికి విన్నపము

మహారాజశ్రీ పది రూపాయల కూపను గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

విజయవాడలో కృష్ణ ఒడ్డున రెండు రోజులు జరిగిన ఆహారోత్సవంలో తమరికి ముద్ర వేసి జనం చేతుల్లో పెట్టిన యువజన సంఘం కుర్రవాళ్లలో నేనొకణ్ణి. తమరి ఊదారంగు సిరా నా బొటనవేలిని ఇంకా వదలలేదు.

మా పేట గ్రంథాలయానికి నాలుగు బీరువాలు కొనాలన్నది మా సంకల్పం. జీతం బత్తెం లేకుండా పనిచేస్తే, అమ్ముడుపోయి కూడా ఖర్చు కాకుండా మిగిలిన కూపన్ల సొమ్మంతా మాకే ఇస్తామని నిర్వాహకులు మాట ఇచ్చారు. ఆ క్షణం నుంచి, తినడానికి వచ్చిన ప్రతివాడూ మా కంటికి పుస్తకాల దొంగలాగే కనిపించాడు.

బందరు లడ్డుకు 2017లోను, ఆత్రేయపురం పూతరేకులకు 2023లోను పుట్టిన ఊరి పేరుతో ఇచ్చే భౌగోళిక గుర్తింపు దక్కింది. నిజానికి ఆ గౌరవం తమరికే చెల్లాలి. మైదానం గేటు దాటితే తమరికి చిల్లిగవ్వ విలువ లేదు కదా.

తమరు విడిగా దొరకరు, పదేసి చొప్పున నూరు రూపాయలకు వస్తారు. పెసరట్టు వెల 40 రూపాయలు. మనవరాలితో కలిసి రెండు పెసరట్లు తిన్న ఒక పెద్దాయన, మిగిలిన రెండు కూపన్లను అల్లప్పచ్చడి అంటిన వేళ్లతో నా ముందుంచి, "బాబూ, ఈ ఇరవై రూపాయలు ఇప్పించు నాయనా" అన్నారు. నేను తమరిని తిరగేసి, వీపున అచ్చయిన 'సొమ్ము వాపసు ఇవ్వబడదు' అన్న వాక్యాన్ని చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని అక్షరం అక్షరం చదివి, మారుమాట లేకుండా వెళ్లి, ఆ రెంటితో మనవరాలికి నీళ్ల సీసా కొనిపెట్టారు. దాహంతో ఉన్న పిల్ల గటగటా తాగుతూ ఉంటే, బీరువాలో ఒక అర ఊడిపడినట్టు నా ప్రాణం గిలగిలలాడింది. సేవాభావం మనిషిని ఇంతవాణ్ణి చేస్తుందని అంతకుముందు ఎరుగను.

ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, చెంచాల మీద 2022 జూలై నుంచి నిషేధం ఉంది. ఒక్కసారి వాడి పారేసే కార్యకర్తలకు ఆ రక్షణ ఇంకా రాలేదు.

చివరికి తమరి అచ్చుకూలి మినహాయించుకుని నిర్వాహకులు మా చేతికిచ్చిన సొమ్ముకు ఒక్క బీరువా వచ్చింది, అదీ తలుపులు లేనిది. నిన్న చొక్కా ఉతకబోతే, ఆకలికి ఏదైనా తిందామని నా డబ్బుతో కొన్న పదిమందిలో, ఖర్చు చేయడానికి తీరిక దొరకక మరిచిన తమరు ముగ్గురు జేబులో దొరికారు. ఆ ముప్పై రూపాయలను విరాళం కింద రాయాలా, నష్టం కింద రాయాలా అని మా కోశాధికారి తల పట్టుకుని కూర్చున్నాడు.

ఇట్లు,
తమరి విధేయుడు