కట్టెలు కొట్టి పెట్టినోన్ని కట్టెతోనే కొట్టిండ్రు

'ఫ్రాంకెన్‌స్టైన్' రాక్షసుడు పుట్టుకతోనే క్రూరుడని మీ వ్యాసంలో రాసిండ్రు. నేనైతే ఒప్పుకోను. 1818లో మేరీ షెల్లీ రాసిన ఆ నవలలో వాడు విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అనేటాయన తయారుచేసిన జీవి. వాడు మనుషులకు మొదట చేసింది హత్య కాదు, తను దాక్కున్న కొట్టం పక్కనుండే డి లేసీ ఇంటోళ్లకు రాత్రిపూట ఎవ్వరికీ తెల్వకుండ కట్టెలు కొట్టి తెచ్చిపెట్టుడు. చెక్కల సందులకెల్లి వాళ్ల మాటలు వినుకుంట భాష నేర్చుకున్నడు. ఇంగ్లీషు కవి మిల్టన్ రాసిన 'ప్యారడైజ్ లాస్ట్' కావ్యం దొరికితే చదివి, అందులో దేవుడు చేసిన మొదటి మనిషి ఆదాము కంటే దేవుని మీద తిరగబడ్డ సైతానే తనకు దగ్గరోడు అనుకున్నడు. ఆ ఇంటి గుడ్డి ముసలాయన ఒక్కడే మంచిగ మాట్లాడిండు, మొహం కనబడదు కాబట్టి. కొడుకు ఫెలిక్స్ వచ్చి కట్టెతో బాదిండు. ఏట్లె పడ్డ పిల్లను కాపాడితే తుపాకి గుండు. విక్టర్ చిన్న తమ్ముడు విలియం హత్య ఇవన్నీ అయినంకనే.

మాది దేవరకొండ దిక్కు. చిన్నప్పుడు మా ఊర్లె ఒక ముసలామెకు బాణామతి వస్తదని పేరు పెట్టిండ్రు. బోరింగు కాడ ఆమె పక్కన ఎవ్వరూ నిలబడకపోయేది. పిల్లలం మేం గూడ రాళ్లేసినం. కొన్నేండ్లకు మమ్మల్ని చూస్తే నిజంగనే శాపనార్థాలు పెట్టుకుంట ఉరికొచ్చేది. "చూసిండ్రా, మేం చెప్పలే?" అనేటోళ్లు పెద్దలు.

పసిపిల్లగాన్ని చంపుడు తప్పే, దాన్ని ఎనకేసుకొస్తలేను.

ఇంకోటి. ఫ్రాంకెన్‌స్టైన్ అనేది తయారుచేసినోని పేరు. రాక్షసునికి ఆయన అసలు ఏ పేరూ పెట్టలే. మీ శీర్షికల గూడ అదే పొరపాటుంది, సరిచేయండి.