కాల్షియం మాత్రలతో పోయే నొప్పులేనా ఇవి?

ఫ్యాక్టరీ పనివాళ్ళ నడుము నొప్పులకూ కీళ్ళ నొప్పులకూ వయసు, కాల్షియం లోపమే కారణమనీ, బెల్టు కట్టుకుని మాత్రలు వేసుకుంటే చాలనీ, బరువులెత్తని ఆడవాళ్ళకు పనివల్ల నొప్పులు రావనీ, నిజంగా వస్తే ప్రభుత్వ లెక్కల్లో కనిపించేవనీ ఒక సందేశం వాట్సాప్‌లో బాగా తిరుగుతోంది.

ఇందులో బరువుల మాట అన్నిటికన్నా తప్పు కనుక ముందు దాన్నే చూద్దాం. భీమవరం, కాకినాడ, నెల్లూరు ప్రాంతాల రొయ్యల ప్లాంట్లలో తల తీసి, తొక్క ఒలిచి, నరం లాగే పనిలో ఉన్నది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళ చేతిలోని రొయ్య గ్రాముల్లోనే తూగుతుంది. కానీ ఐసులోంచి తీసిన ఆ రొయ్యను ఒక చేత్తో పట్టి, రెండో చేతి బొటనవేలితో తొక్క నొక్కి లాగుతూ, మణికట్టు తిప్పుతూ గంటల తరబడి అదే పని చేస్తే బొటనవేలి మొదట్లోని స్నాయువుల (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్ళ) పొర ఒరుసుకుని వాస్తుంది. మణికట్టులోని ఇరుకు దారిలో నరం నలిగి, బొటనవేలూ దాని పక్క రెండు వేళ్ళూ అర్ధరాత్రి తిమ్మిరెక్కి నిద్ర లేపుతాయి. దీన్నే కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. చలికి వేళ్ళు మొద్దుబారితే పట్టు తెలియక ఇంకా గట్టిగా నొక్కుతారు. కిలోకింత అని కూలి కట్టే చోట నొప్పి తెలిసినా చెయ్యి ఆగదు. (ఇంటికెళ్ళాక అంట్లూ బట్టలూ ఆ చేతికే.)

వయసుతో కీళ్ళు అరుగుతాయి, కాల్షియం లోపమూ ఉండొచ్చు. అయితే ఆ లోపం ఒళ్ళంతటికీ సంబంధించినది; నొప్పి పనిచేసే చేతికే, ఎక్కువగా వాడే వేలికే ఎందుకు వస్తుందో అది చెప్పదు.

ఇక బెల్టు. నడుము బెల్టులు దెబ్బలను ఆపుతాయనడానికి ఆధారం చాలదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1994లోనే తేల్చింది. దుకాణాల్లో సరుకులెత్తే వేలమందిని గమనించి 2000లో ప్రచురించిన అధ్యయనంలోనూ బెల్టు వల్ల లాభం కనిపించలేదు. ఒంటికి దగ్గరగా, నడుము తిప్పకుండా, అనువైన ఎత్తులో ఎత్తినా 23 కిలోలు మించకూడదని అదే సంస్థ సూత్రం చెబుతుంటే, 50 కిలోల బస్తా నేలమీంచి ఎత్తేవాడికి బెల్టు ఇచ్చి ఊరుకోవడం దేనికి? మార్చవలసింది బస్తా బరువు, బల్ల ఎత్తు, పని వేగం. నిలబడి పనిచేసేవాళ్ళకు వీలు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు.

లెక్కల సంగతికొస్తే, ఫ్యాక్టరీ పనివాళ్ళకు వైద్యం చేసే డాక్టరు తప్పక తెలియజేయవలసిన జబ్బులంటూ ఆ చట్టం మూడో షెడ్యూలులో చేర్చిన 29టిలో సీసం విషం, సిలికోసిస్ (రాతి ధూళితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు), వినికిడి లోపం ఉండేవి గాని, నడుము నొప్పీ మణికట్టు నొప్పీ ఉండేవి కావు. రాయడానికి గడే లేని జబ్బు లెక్కల్లో ఎలా కనిపిస్తుంది? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన జాబితాలో మాత్రం కార్పల్ టనెల్ సిండ్రోమ్ వృత్తివ్యాధిగానే ఉంది.