ఏడాదికి ఒక్క మంగళవారం చాలదు

విజయదశమి తర్వాత వచ్చే మొదటి మంగళవారం విజయనగరంలో ఒక అద్భుతం జరుగుతుంది. పైడితల్లి అమ్మవారి ఉత్సవంలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి చెట్టుమాను, సిరిమాను, దాని సంగతి చెప్పడం లేదు. మాను కదలడానికి గంటల ముందే మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా రోడ్డు ఖాళీ అవుతుంది. కారు లేదు, ఆటో లేదు, హారన్ మోత లేదు. నెత్తిన ఘటాలు ఎత్తుకున్న ఆడవాళ్లు, తండ్రుల భుజాలెక్కిన పిల్లలు, చేతికర్ర పట్టుకుని నడిరోడ్డు మీద తీరిగ్గా నడిచే ముసలివాళ్లు కనిపిస్తారు. ఊరేగింపులో పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల, వాటి వెనక మాను. అమ్మవారి చదురుగుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరిగేదాకా లక్షల మంది ఆ కాస్త రోడ్డు మీదే ఉంటారు. ఊరేమీ కుప్పకూలదు. ఉత్సవం జరిగే రెండు రోజుల బేరం కోసం చిన్న వ్యాపారులు ఏడాదంతా ఎదురుచూస్తారు.

బుధవారం తెల్లారేసరికి బారికేడ్లు లారీ ఎక్కుతాయి. మనుషులు మళ్లీ రోడ్డు అంచుకు ఒదిగిపోతారు.

ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 మే 14న చెప్పింది. మార్గదర్శకాలు తయారు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది, అక్టోబరులో మరోసారి గట్టిగా చెప్పింది. ఇదంతా పాఠకులు చదివిందే. ఢిల్లీలో వచ్చిన ఆ హక్కు విజయనగరం గంటస్తంభం దాకా నడిచి రావాలంటే దానికీ ఒక ఫుట్‌పాత్ కావాలి. అది మన దగ్గర లేదు.

ఉన్నదల్లా మురుగుకాలువ మూత. మన పట్టణాల్లో ఫుట్‌పాత్ అంటే అర్థం అదే. ఒక పలక ఎత్తుగా, పక్కది పల్లంగా, ఆ పక్కది అసలు ఉండదు. పూడిక తీయడానికి ఎత్తిన పలకను తిరిగి వేయడం ఎవరి ఉద్యోగమో ఇంతవరకు తేలలేదు. పలకలు సరిగ్గా ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, లేదంటే దుకాణం వాళ్ల జనరేటర్, బండి ఎక్కించుకోవడానికి పోసిన సిమెంటు వాలు, ఏదో పుట్టినరోజు ఫ్లెక్సీ. రోడ్లకు ప్రమాణాలు నిర్ణయించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. నడిచే దారికి అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు వదలాలట. రోడ్డు కంటే 15 సెంటీమీటర్లకు మించి ఎత్తు ఉండకూడదట. మోకాళ్ల నొప్పులున్న మా పెద్దమ్మ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక ఫుట్‌పాత్ ఎక్కడానికి నా భుజం పట్టుకుంది. పది అడుగులు వేశాక దిగడానికి మళ్లీ పట్టుకుంది. మూడోసారి ఎక్కనంది. "రోడ్డు మీదే పోదాం నాయనా, గుద్దేవాడు కనీసం చూసి గుద్దుతాడు" అంది.

ఆమె నమ్మకానికి లెక్కల మద్దతు లేదు. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవారు. అంటే సగటున రోజుకు 90 మంది. మరో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద పోయినవారు. వీటిని విధి రాతగా చెప్పుకోవడం మనకు అలవాటైంది. విధి కంటే ఎక్కువగా ఇందులో ఉన్నది వేగం. బండి వేగం రెట్టింపయితే దెబ్బలోని శక్తి నాలుగు రెట్లవుతుంది. ఇది హైస్కూలు భౌతికశాస్త్రం. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే వీధుల్లో 30 కిలోమీటర్లు దాటనివ్వకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ దేశాలు తీర్మానించుకున్నాయి. మన బజారులో సాయంత్రం పూట ఎలాగూ 20 దాటలేరు. చంపేది రాత్రి తొమ్మిది దాటాక ఖాళీ అయిన రింగ్ రోడ్డు. అక్కడ కావలసింది వెడల్పు కాదు, బండి నెమ్మదించక తప్పని ఎత్తయిన క్రాసింగులు.

అయితే ఈ వ్యాసం రాయడానికి నన్ను కూర్చోబెట్టింది ప్రమాదాలు కూడా కాదు. జాగా.

గంటస్తంభం పరిసరాల్లో గజం స్థలం ధర ఎంతో అడిగి చూడండి. కొనేవాడికి గుండె ఆగినంత పనవుతుంది. అంత ఖరీదైన నేల మీద, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా ఒక కారు ఆగి ఉంటుంది. దాని యజమాని చీరల దుకాణంలో ఉంటాడు. కారు నిలపడానికి ఇంజినీర్లు లెక్కగట్టే స్థలం సుమారు 12.5 చదరపు మీటర్లు. దానికి ఆయన కట్టింది సున్నా. అదే వీధిలో తోపుడు బండి మీద జామకాయలు అమ్మే మనిషి ఆ కారు జాగాలో అయిదో వంతు కూడా వాడుకోడు. కానీ ఆశీలు, అంటే బజారు రుసుము, అతను కడతాడు. కారుకు ఆశీలు లేదు! పైగా 'ఆక్రమణల తొలగింపు' అంటూ జీపు వస్తే లాక్కెళ్లేది అతని తక్కెడను. కదలకుండా నాలుగు గంటలు రోడ్డును ఆక్రమించిన కారు పక్కనుంచే ఆ జీపు జాగ్రత్తగా తప్పుకుని పోతుంది. వీధి వ్యాపారులకు స్థలం చూపించాలని, వాళ్ల ప్రతినిధులతో కమిటీ వేయాలని 2014లోనే పార్లమెంటు చట్టం చేసింది. కారుకు ఉచితంగా జాగా ఇవ్వాలని ఏ చట్టమూ చెప్పలేదు. ఇస్తున్నది మాత్రం దానికే.

పేదవాడికి ఇచ్చే ప్రతి రూపాయినీ ఉచితాలు అని ఎత్తిపొడిచే పెద్దమనుషులు ఈ ఉచితం గురించి ఒక్కసారి మాట్లాడితే వినాలని ఉంది. పట్టణంలో జరిగే భూ పంపిణీల్లో అన్నింటికంటే పెద్దది ఇదే. పట్టా లేదు, సర్వే నంబరు లేదు, దరఖాస్తు కూడా అక్కర్లేదు. నాలుగు చక్రాలుంటే చాలు.

వ్యాపారులు ఒప్పుకోరని తెలుసు. బండి దుకాణం ముందు ఆగకపోతే బేరం విశాఖ మాల్స్‌కు పోతుందంటారు. మన ఎండల్లో ఎవరు నడుస్తారంటారు. మోటారు సైకిలే ఇప్పుడు సామాన్యుడి వాహనం కదా అంటారు. చివరి మాటలో నిజం ఉంది, అందుకే బళ్లను నిషేధించమని అడగడం లేదు. మొదటి మాటకు జవాబు చెన్నైలో ఉంది. టి.నగర్ పాండీ బజారులో 2019లో ఫుట్‌పాత్‌లు విశాలంగా వేసి నడిచేవాళ్లకు అప్పగించారు. ఆ బజారు మూతపడలేదు. ఇక ఎండ అంటారా, రోడ్డు వెడల్పు చేస్తామంటూ చెట్లు నరికిన ఊరు ఎండ గురించి మాట్లాడకపోవడం మర్యాద.

సైకిల్ విషయానికి వస్తే మనకు అదో కసరత్తు పరికరం అయిపోయింది. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సౌర పలకల కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ దారి ప్రారంభించారు. చూడముచ్చటగా ఉంటుంది. అక్కడికి చేరడానికి మాత్రం చాలామంది సైకిల్‌ను కారు వెనక తగిలించుకుని వెళ్లాలి. మన జిల్లాల్లోనూ ఆదివారం పొద్దున్న సైకిల్ ర్యాలీ జరుగుతుంది, ఎవరో ఒకరు జెండా ఊపుతారు. సోమవారం పొద్దున్న చూడాల్సింది పాల క్యాన్లు కట్టుకుని ఊళ్లోకి వచ్చేవాళ్లను, కూరగాయల గంపతో దాసన్నపేట రైతుబజారుకు వచ్చేవాళ్లను, బడికి పోయే ఆడపిల్లలను. వీళ్లకు జెండా ఊపేవారు ఉండరు. 2011 జనగణనలో, వ్యవసాయం కాకుండా ఇతర పనులు చేసేవారిలో దేశం మొత్తం మీద సుమారు 23 శాతం నడిచి, 13 శాతం సైకిల్ మీద పనికి వెళ్లేవారు. కారు, జీపు, వ్యాను అన్నీ కలిపినా మూడు శాతం లేదు. పాత లెక్కే, ఒప్పుకుంటాను. కానీ ఆ మూడు శాతం కోసం రోడ్డు వేసి, ముప్పై ఆరు శాతాన్ని అంచుకు తోసింది ఆ రోజుల్లోనే కదా.

బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చింది. హైస్కూలు గడప తొక్కే అమ్మాయిల సంఖ్య దాదాపు మూడో వంతు పెరిగిందని తర్వాత ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. మన రాష్ట్రంలోనూ 'బడికొస్తా' పేరుతో బాలికలకు సైకిళ్లు పంచారు. మంచి పని. అయితే ఆ సైకిల్ తొక్కడానికి లారీకీ డివైడర్‌కీ మధ్య జానెడు జాగా అయినా వదలలేదు. ఆడపిల్ల ఒంటరిగా సైకిల్ మీద బడికి వెళ్లగలదా అన్నదానికి మించిన పరీక్ష ఏ పట్టణానికీ అవసరం లేదని నా అభిప్రాయం.

2020లో మూడు లాంతర్ల స్తంభాన్ని కూల్చినప్పుడు ఈ ఊరు ఎంత గగ్గోలు పెట్టిందో గుర్తుందా? కూడలిని అందంగా తీర్చిదిద్దుతామని చరిత్రను పగలగొట్టారని చాలామంది మాట్లాడారు. నేనూ బాధపడ్డాను. కానీ వీధిలో లాంతరు పెట్టేది ఎవరి కోసం? కారుకు దాని దీపాలు దానికే ఉన్నాయి. చీకట్లో నడిచే మనిషి కోసం పెట్టిన స్తంభం అది. స్తంభం కోసం ఏడ్చిన ఊరు ఆ మనిషి కోసం ఒక్క ధర్నా చేయలేదు. ఇప్పుడైతే ఎవరిని కదిపినా భోగాపురం విమానాశ్రయం గురించే మాట్లాడతారు. అక్కడికి ఎన్ని వరుసల రోడ్డు, ఎన్ని నిమిషాల ప్రయాణం అన్న లెక్కలు చంటిపిల్లలకు కూడా కంఠతా వచ్చు. అమ్మవారి మరో గుడి అయిన వనంగుడి నుంచి చదురుగుడికి ఒక ముసలామె పలకలు తన్నుకోకుండా ఎన్ని నిమిషాల్లో నడవగలదో మాత్రం ఎవరూ కొలవలేదు.

నేను అడిగేది కోట్ల పథకం కాదు. మూడు లాంతర్ల నుంచి కోట దాకా, గంటస్తంభం బజారు వైపు కొంత మేర, వారానికి ఒక సాయంత్రం వాహనాలు ఆపండి. తోపుడు బళ్లకు గీత గీసి చోటు ఇవ్వండి. కారు నిలిపితే గంటకింత అని వసూలు చేసి, ఆ డబ్బుతో పలకలు సరిచేయండి. అంబులెన్సు ఎటు నుంచి వెళ్లాలి, బస్సులు ఎటు మళ్లాలి, ఏ సందు తెరిచి ఉంచాలి అన్నది కొత్తగా ఆలోచించనక్కర్లేదు. సిరిమాను బందోబస్తు చేసే పోలీసులకు అది ఏటా చేతిలో ఉన్న పటమే. బారికేడ్లు ఎక్కడ దాచారో కూడా వాళ్లకు తెలుసు.