చెత్త పాట అనేముందు కాగితం మీద పెట్టి చదవండి

ఉగాది సభలో “అతి చెత్త పాట ఏది?” అని చర్చ పెడితే పెద్దలు కొత్త పాటల్లో మాటలే వినపడవంటారు, పిల్లలు పాతవి వింటే నిద్రొస్తుందంటారు. చర్చ మంచిదే. కానీ మనం పాటను వదిలేసి అది పుట్టిన ఏడాదిని బోనెక్కిస్తున్నాం.

1977లో ‘అడవి రాముడు’ కోసం ‘ఆరేసుకోబోయి పారేసుకున్నాను’ అనే మాస్ పాట రాసింది వేటూరి, బాణీ కట్టింది కె.వి. మహదేవన్. 1980లో శాస్త్రీయ సంగీతం నిండిన ‘శంకరాభరణం’లో పాత కీర్తనలు పోగా మిగతా పాటలకూ ఆ ఇద్దరే. మరి ఏ తరాన్ని తిడదాం? అప్పుడు సినిమాకు ఐదారు పాటలుంటే మనకు గుర్తున్నవి ఒకటో రెండో. మిగతావి కాలమే ఏరి పారేసింది. కొత్తవాటికి ఆ జల్లెడ ఇంకా పట్టలేదు.

మాటలు వినపడవన్న ఫిర్యాదులో సగం తప్పు హాలుది. మాట తేటగా తెలిసేది సుమారు 1000 నుంచి 4000 హెర్ట్జ్ (సెకనుకు ధ్వని కంపనాలు) మధ్య. సబ్‌వూఫర్ (ధుమ్ ధుమ్ మనే లోతు శబ్దాల స్పీకరు) పెంచితే 100 హెర్ట్జ్ కిందిదంతా గోడలకు కొట్టుకుని ఆ మాటను కమ్మేస్తుంది. అదే అమరికలో పాత మోనో పాట (ఎడమ, కుడి తేడా లేకుండా రికార్డు చేసింది) వేస్తే పీలగా, కీచుమంటూ వస్తుంది. పిల్లలు దాన్నే పాత సంగీతం అనుకుంటారు. కాబట్టి ముందు సబ్‌వూఫర్ తగ్గించి, కొత్త పాట శబ్దాన్ని పాతదాని స్థాయికి దించండి. కాస్త గట్టిగా మోగేదే మెరుగని చెవికి తోస్తుంది, అక్కడే తీర్పు తప్పుతుంది.

తర్వాత సాహిత్యాన్ని బాణీ లేకుండా చదవండి. ‘నాటు నాటు’ను ఉత్త చప్పుడన్నవాళ్లకు కాగితం మీద మర్రిచెట్టు నీడ, జొన్నరొట్టె, మిరపతొక్కు కనిపిస్తాయి.

నా మటుకు నాకు చెత్త పాటంటే తెలుగును విరిచే పాట. బాణీ ముందు కట్టి మాటలు తర్వాత కూర్చినప్పుడు, సాగాల్సిన స్వరం కింద హ్రస్వం పడితే ‘పడు’ కాస్తా ‘పాడు’ అవుతుంది. గాయకుడికి భాష రాకపోతే ‘కళ’ ‘కల’ అయిపోతుంది. గొంతు తీయగా ఉందని పాత పాటల్లోనూ ఈ తప్పును క్షమించేశాం, క్షమించకూడదు.

తెలుగు నేలకు దూరంగా పెరిగే పిల్లలకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే కల, కళ ఒకేలా ఉంటాయి. సభలో పాడే పాటను తెలుగు లిపిలోనే ఇవ్వండి. దీర్ఘాల కింద గీత గీయండి, ళ, ణ చుట్టూ సున్నా చుట్టండి. కరోకే పెట్టకముందు రెండుసార్లు మాటగా చదివించండి.